పిల్లోడి స్కౌట్ క్యాంపుకి పెరుగన్నం తీసుకెళ్తే గేటు దగ్గరే ఆపేశారు, ఇదేం పద్ధతి?

కొర్లగుంట_నాన్న
మావాడు ఎనిమిది చదువుతున్నాడు, తిరుపతిలోనే, స్కూల్ పేరు వద్దులెండి. జూన్‌లో స్కౌట్స్‌లో చేర్చాం. చేర్చేటప్పుడు మీటింగ్ పెట్టి తల్లిదండ్రుల సహకారం లేకపోతే ట్రూప్ నడవదు అని గంటసేపు చెప్పారు. సరే అని యూనిఫాం గుడ్డ తీయించడం దగ్గర నుంచి అన్నిటికీ నేనే ముందున్నా. పోయిన శని, ఆదివారాలు చంద్రగిరి అవతల ఒక మామిడి తోటలో క్యాంప్. శనివారం రాత్రి ఎనిమిదిన్నరకి నేనూ మా ఆవిడా బండి మీద వెళ్ళాం. వాడికి ఇష్టమని పెరుగన్నం, ఊరిమిండి పచ్చడి, ఇంకో పదిమందికి సరిపడా చిత్రాన్నం. స్కౌట్ మాస్టర్ గేటు దాకా వచ్చి, "సార్, డబ్బాలు వెనక్కి తీసుకెళ్ళండి, పిల్లలు వండుకుంటున్నారు" అన్నాడు. లోపల పొగ తప్ప ఏమీ కనబడటం లేదు. మావాడు దూరం నుంచి మమ్మల్ని చూశాడు, చెయ్యి కూడా ఊపలేదు, అటు తిరిగిపోయాడు.

ఇంటికొచ్చాక తెలిసింది, ఆ రాత్రి అన్నం అడుగంతా మాడి, పైన బియ్యం బియ్యంగానే ఉందంట. మధ్యలో ఉడికింది ఏరుకుని తొమ్మిదిన్నరకి తిన్నారంట. మా చిత్రాన్నం ఏమో దారిలో ఒక అపార్ట్‌మెంట్ వాచ్‌మెన్‌కి ఇచ్చేసి వచ్చాం.

సహకారం కావాలంటారు, వస్తే వద్దంటారు. మరి మా నుంచి వీళ్ళకి కావాల్సింది ఏంటి, డబ్బులేనా? మాడిన అన్నం తిని నేర్చుకునే లీడర్‌షిప్ ఏంటో నాకు అర్థం కావట్లేదు. వచ్చే ఏడాది తొమ్మిది, ఆ తర్వాత పది. ఇప్పుడే మానిపించేస్తే మేలా?

అలిపిరి_3550
మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. ఆ చిత్రాన్నం వాచ్‌మెన్‌కి ఇచ్చే బదులు నాకు ఒక్క మెసేజ్ పెట్టి ఉంటే సరిపోయేది అన్నా.

నీవా_ఒడ్డు
మాస్టర్ చేసింది కరెక్టే. మీకు డబ్బా వెనక్కి పంపినందుకు కోపం రాలేదు, కొడుకు చెయ్యి ఊపనందుకు వచ్చింది.

కొర్లగుంట_నాన్న
@నీవా_ఒడ్డు మీకు పిల్లలున్నారా?

నీవా_ఒడ్డు
ఇద్దరు. ఒకడు చెయ్యి ఊపడు, ఇంకొకతి ఫోనే ఎత్తదు.

రిటైర్డ్_మాస్టారు
చిత్తూరు వైపు సర్కారు బడుల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను, పందొమ్మిదేళ్ళు ట్రూప్ నడిపాను. నాన్నగారి బాధ అర్థమైంది. అలాంటి డబ్బాలు నేను చాలా వెనక్కి పంపాను, పంపలేక కొన్ని నేనే తిన్నాను కూడా.

స్కౌట్స్‌లో పెట్రోల్ (patrol, అంటే జట్టు) పద్ధతి ఏంటో ముందు చూడండి. ట్రూప్‌లో పిల్లల్ని ఆరుగురు నుంచి ఎనిమిది మంది చొప్పున జట్లు చేస్తారు. ఒక్కో జట్టుకి ఒక జంతువు పేరో పక్షి పేరో పెట్టి, ఒక జెండా ఇస్తారు, సొంతంగా ఒక కేక ఉంటుంది. ఒకడు లీడరు, వాడికి తోడు ఒక సెకండు. మిగతావాళ్ళలో సరుకుల లెక్క ఒకడికి, నీళ్ళు ఒకడికి, ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఒకడికి, తాళ్ళూ గునపాలూ ఒకడికి. ఇది ఈమధ్య ఎవరో కనిపెట్టింది కాదు. 1907 ఆగస్టులో, స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్ పవెల్ ఇంగ్లండ్‌లో బ్రౌన్‌సీ అనే దీవిలో ఇరవై మంది పిల్లలతో మొదటి క్యాంపు పెట్టినప్పుడే, డబ్బున్న ఇళ్ళ పిల్లల్నీ పనివాళ్ళ ఇళ్ళ పిల్లల్నీ కలిపి నాలుగు జట్లు చేసి, ఒక్కో జట్టుని ఒక్కో పెద్ద కుర్రాడికి అప్పజెప్పాడు. మిగతా జెండాలు, బ్యాడ్జిలు, పాటలు అన్నీ దీని చుట్టూ వచ్చినవే.

ఇక మీ చిత్రాన్నం. ఆ రాత్రి వంట జట్టు లీడరుకి కట్టెలు పచ్చివి దొరికి ఉంటాయి, గిన్నెకి మించి బియ్యం పోసి ఉంటారు, ఆకలితో ఏడుగురు వాడి మొహమే చూస్తుంటారు. ఎవడి మీదా అరవకుండా ఆ గంట దాటించాలి. వాడు నేర్చుకోవాల్సింది అంతే, వంట కాదు. సరిగ్గా ఆ గంటలో మీరు పదిమందికి భోజనం తెచ్చి దించితే ఏమవుతుంది? రేపు వాడు "కట్టెలు ఏరుకు రారా" అంటే, "ఎందుకురా, మీ నాన్న తెస్తాడుగా" అంటారు. పదమూడేళ్ళవాడు ఆ మాట నుంచి తేరుకోవడానికి ఒక ఏడాది పడుతుంది.

అయితే మీ మాస్టర్ ఒక తప్పు చేశాడు. ఇదంతా మీకు క్యాంపుకి ముందే చెప్పి ఉండాల్సింది, గేటు దగ్గర కాదు.

పులిచెర్ల_పిల్లకాయ
నేను పెట్రోల్ లీడర్ అయినప్పుడు మా అవ్వకి చెప్తే, "ఏ బంకులో నాయనా, జీతమెంత" అనింది. చనిపోయేదాకా ఆమె లెక్కలో నేను బంకులో పనిచేసి మానేసినవాణ్ణే.

అలిపిరి_3550
సెకండ్‌ని డీజిల్ లీడర్ అనేవాళ్ళా?

రెండోబెంచ్_తల్లి
అందరూ నాన్నని అంటున్నారు, నేను ఇంకా ఘోరం. నేను క్యాంపుకి వెళ్ళలేదు, ఇంట్లోనే కూర్చుని మావాడి లాగ్ బుక్ మొత్తం నేనే రాసిపెట్టా. ప్రథమ సోపాన్ అనే బ్యాడ్జి పరీక్షకి ముడుల బొమ్మలన్నీ, రీఫ్ నాట్, షీట్ బెండ్, క్లోవ్ హిచ్, బోలైన్, షీప్‌షాంక్, స్కెచ్ పెన్నులతో, నిజం దారాలు అంటించి మరీ. రాత్రి ఒంటిగంట దాకా. వాడు పక్కన నిద్రపోతున్నాడు.

పరీక్షకి వచ్చిన మేడం పుస్తకం తిరగేసి చాలా బాగుంది అన్నారు. తర్వాత సంచిలోంచి రెండు తాళ్ళు తీశారు, ఒకటి లావు, ఒకటి సన్నం. "వీటిని కలుపు బాబూ." వాడు రీఫ్ నాట్ వేశాడు. ఆమె రెండు చివర్లూ పట్టుకుని లాగారు, జారి ఊడొచ్చింది. సమానంగా ఉన్న తాళ్ళకే రీఫ్ నాట్. లావు తాడుకీ సన్న తాడుకీ షీట్ బెండ్ వెయ్యాలి. మా ఇంట్లో ఆ సంగతి నాకు తెలుసు, వాడికి తెలీదు. ఆమె నవ్వి, "పుస్తకం రాసినవాళ్ళని పిలవండి, బ్యాడ్జి వాళ్ళకిస్తా" అన్నారు. నేను తలుపు పక్కనే ఉన్నా. అంత సిగ్గు నాకు పెళ్ళిచూపుల్లో కూడా వెయ్యలేదు.

రిటైర్డ్_మాస్టారు
@రెండోబెంచ్_తల్లి మా రోజుల్లో ఒక తండ్రి చేతిరాత ముగ్గురు పిల్లల లాగ్ బుక్కుల్లో కనబడింది. మిగతా ఇద్దరూ ఆయన పిల్లలు కాదు.

ర్యాంకుల_రాజ్యం
భలే మాట్లాడుతున్నారు అందరూ. మా అమ్మాయి ఎనిమిదో తరగతి, ఫౌండేషన్ కోర్సు, పొద్దున ఆరున్నరకి వెళ్తే రాత్రి ఏడున్నర. ఈ తాళ్ళు, విజిళ్ళు, కవాతు ఏ సీటు తెచ్చిపెడతాయి? పైగా ఇది బ్రిటిష్ సైన్యాధికారి మొదలుపెట్టిన వ్యవహారం, మనం ఇంకా మోస్తున్నాం. కొర్లగుంట_నాన్న గారూ, మానిపించెయ్యండి. క్లాసులో ఫస్ట్ వస్తే అందరూ వాడి వెంటే తిరుగుతారు, అదే లీడర్‌షిప్.

పులిచెర్ల_పిల్లకాయ
మా క్లాస్ ఫస్ట్ వెంట అందరూ తిరిగేది నోట్స్ కోసం.

చరిత్ర_పిచ్చోడు
బ్రిటిష్ మాట వచ్చింది కాబట్టి. మొదలుపెట్టింది ఆయనే, కాదనడం లేదు. కానీ మన దేశంలో కథ మన పక్కనుంచే నడిచింది. 1909లో బెంగుళూరులో మొదటి ట్రూప్ పెట్టినప్పుడు తెల్లవాళ్ళ పిల్లలకీ ఆంగ్లో ఇండియన్ పిల్లలకీ మాత్రమే చోటు. మన పిల్లలకి లేదు. మీరు చేర్చుకోకపోతే మాకు చేతకాదా అని 1916లో అనీ బిసెంట్, ఆమె సహచరుడు అరండేల్ మద్రాసులో మన పిల్లల కోసం వేరే సంఘం పెట్టారు, టోపీ బదులు తలపాగా. దానికి ముందు ఏడాదే, 1915లో, మదనపల్లెలో కాలేజీ పెట్టిన బిసెంటే ఈమె. ఉత్తరాదిన మదన్ మోహన్ మాలవీయ, కుంజ్రూ, శ్రీరాం బాజ్‌పాయ్ సేవా సమితి స్కౌట్లని నడిపారు. 1921లో బేడెన్ పవెల్ ఇక్కడికొచ్చి చూశాక గానీ తలుపులు తెరుచుకోలేదు. స్వతంత్రం వచ్చాక 1950 నవంబర్ 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడింది, మరుసటి ఏడు ఆగస్టు 15న ఆడపిల్లల గైడ్ల సంఘం వచ్చి కలిసింది. అంటే మనవాళ్ళు కొట్లాడి లాక్కున్నది. రైలూ, క్రికెట్టూ కూడా వాళ్ళే తెచ్చారు, వాటిని ఎవరూ మోస్తున్నాం అనరు.

ర్యాంకుల_రాజ్యం
చరిత్ర సరే. సీటు?

రేణిగుంట_జంక్షన్
సీటు సంగతి నాకు తెలీదు, రైల్వేలో స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటా ఉంది, రాష్ట్రపతి అవార్డు దాకా వెళ్ళినవాళ్ళు రాస్తుంటారు. పోస్టులు వేళ్ళ మీద లెక్కపెట్టేన్నే. దాని కోసమే చేర్చేట్టయితే చేర్చకండి.

నా సంగతి చెప్తా. తొమ్మిదిలో ఉండగా బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రోజు తిరుమలలో సేవకి వేశారు. స్కౌట్లు ప్రతి ఏడూ వెళ్తారు. నాకు అప్పట్లో జనం అంటే మహా భయం, సినిమా హాల్లో కూడా తలుపు పక్క సీటే కావాలి. మా నాన్న ఈ విషయం మాస్టర్‌కి ముందే చెప్పాడు, "వాడిని గ్యాలరీల దగ్గర వేయొద్దు" అని. మాస్టర్ తీరిగ్గా విని, నన్ను తీసుకెళ్ళి మాడ వీధి గ్యాలరీ కిందే వేశాడు. కాకపోతే నా పక్కన ఇద్దరు గట్టి పిల్లల్ని పెట్టాడు. ఆ ఏర్పాటు నాకు తెలిసింది పెద్దయ్యాక.

సాయంత్రానికి ఒక ముసలమ్మ దొరికింది. కన్నడం తప్ప ఏదీ రాదు, ఫోన్ లేదు, చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి. "నమ్మోరు, నమ్మోరు" (మావాళ్ళు, మావాళ్ళు) అని ఒకటే ఏడుపు. మాస్టర్ ఎక్కడో అవతలి వీధిలో, ఆ జనంలో వెళ్ళి పిలిచే వీల్లేదు. ఒకణ్ణి మైకులో చెప్పించడానికి పంపా, ఇంకొకణ్ణి నీళ్ళకి, నేను ఆమె పక్కన నేల మీద కూర్చున్నా. ఎందుకు కూర్చున్నానో అప్పుడు తెలీదు, నిలబడితే ఆమె కూడా లేచి వెళ్ళిపోతోంది, అంతే. రెండు గంటలు. గరుడ వాహనం మా ముందు నుంచే వెళ్ళింది, నాకు కనబడింది గొడుగు కొస మాత్రమే. చివరికి ఆమె కొడుకు వచ్చి ముందు ఆమెని తిట్టాడు, తర్వాత నన్ను తిట్టాడు, ఇంతసేపు ఎందుకు కూర్చోబెట్టావని. థాంక్స్ గీంక్స్ ఏమీ లేవు.

ఇందులో మా నాన్న పాత్ర ఉందా లేదా అంటే ఉంది. నా భయం ఆయన దాచి ఉంటే మాస్టర్ ఆ ఇద్దరినీ నా పక్కన పెట్టేవాడు కాదు.

నీవా_ఒడ్డు
ఇది బాగుంది. చెప్పడం నాన్న పని, ఎక్కడ వెయ్యాలో మాస్టర్ పని.

గైడ్_కూతురి_అమ్మ
అందరూ వదిలెయ్యండి వదిలెయ్యండి అంటున్నారు, మగపిల్లల గురించి మాట్లాడుతూ. నాది ఆడపిల్ల. నేను ఊరికే వదలను. రాత్రి ఎవరుంటారు, బాత్రూం ఎక్కడ, గడియ లోపల నుంచి పడుతుందా, ఈ మూడూ తెలిశాకే సంతకం పెడతా.

మా అమ్మాయి మొదటి క్యాంపు పలమనేరు దారిలో ఒక హాల్లో. ముందురోజు నేనూ ఇంకో ఇద్దరు తల్లులూ వెళ్ళి చూశాం. బాత్రూంలు వెనక వైపు, దీపం లేదు, ఒక తలుపుకి గడియే లేదు, మేకుకి దారం చుట్టి ఉంది. గైడ్ కెప్టెన్‌కి అప్పటికే వంద పనులు, ఆమెని అని లాభం లేదు. పక్క ఊళ్ళో హార్డ్‌వేర్ షాపులో గడియ కొని, అక్కడే ఉన్న మనిషితో బిగించుకుని, బల్బు వేయించి వచ్చేశాం. పిల్లలకి ఎవరం కనబడలేదు. ఇది జోక్యమా సహకారమా మాస్టారూ?

రిటైర్డ్_మాస్టారు
అమ్మా, మీలాంటివాళ్ళు ముగ్గురుంటే ట్రూప్ ఇరవై ఏళ్ళు నడుస్తుంది. పిల్లలు చేసుకోలేని పని పెద్దవాళ్ళు చెయ్యాలి, పిల్లలు చేసుకోగలిగింది ముట్టుకోకూడదు. గడియ బిగించడం మీ పని. గడియ వేసుకోమని రాత్రి పదిసార్లు ఫోన్ చెయ్యడం మీ పని కాదు.

అసలు తల్లిదండ్రుల నుంచి నాకు అన్నిటికంటే కావాల్సింది ఒక కాగితం మీద నిజం. క్యాంపుకి పంపేటప్పుడు అనుమతి పత్రం ఇస్తారు కదా, అందులో ఆరోగ్యం అని ఒక గడి. పదికి తొమ్మిది మంది "బాగుంది" అని రాసి పంపిస్తారు. ఒకసారి తలకోన దగ్గర రాత్రి రెండింటికి ఒక పిల్లాడికి ఆయాసం. వాడి గడిలో "బాగుంది". పెదాలు నల్లబడుతున్నాయి, జీపు కోసం మనిషిని పరిగెత్తించాను. ఇంతలో వాడి పెట్రోల్ లీడరే, పన్నెండేళ్ళవాడు, బ్యాగు మొత్తం చాప మీద బోర్లించాడు. అడుగున ఒక సాక్సులో చుట్టి ఇన్‌హేలర్. ఎవరికీ చెప్పొద్దని ఇంట్లో చెప్పి పంపారట, తెలిస్తే కొండెక్కనివ్వరని. అది ఎక్కడుందో ఊపిరాడని పిల్లాడు చెప్పలేడు కదా. ఆ తర్వాత ఆ గడి నింపకుండా ఎవరినీ బస్సెక్కనివ్వలేదు. ఎమ్మెల్యే గారి ఇంటి నుంచి వచ్చినా అంతే.

రెండోబెంచ్_తల్లి
మాస్టారూ, ఇది చదివి ఇప్పుడే మావాడి ఫారం ఫోటో తీసి చూసుకున్నా. "బాగుంది" అనే రాసి ఉంది. వాడికి చెనిక్కాయలు (వేరుశనగ) పడవు, మొహం ఉబ్బుతుంది. రేపే వెళ్ళి మార్పిస్తా.

అలిపిరి_3550
చిత్తూరు జిల్లాలో పుట్టి చెనిక్కాయలు పడవా, ఏం బతుకు పాపం.

తాతయ్యగుంట_ఘాటు
అందరూ మంచి ట్రూపులు చూసినట్టున్నారు, అదృష్టవంతులు. మా స్కూల్లో స్కౌట్స్ అంటే ఏంటో చెప్పనా? ఫీజులో ఒక లైను, యూనిఫాం ఒకటి, స్కార్ఫ్ ఒకటి. ఆగస్టు పదిహేనుకి, ఆన్యువల్ డేకి చీఫ్ గెస్ట్ కారు దిగితే రెండువైపులా నిలబడి సెల్యూట్. అంతే, మూడేళ్ళు. మావాడికి ఒక్క ముడి రాదు, టై కూడా నేనే కట్టాలి. ఇక లీడర్ ఎవరయ్యా అంటే బస్సు స్పాన్సర్ చేసినాయన కొడుకు. అడిగితే "పేరెంట్ ఎంగేజ్‌మెంట్ అండి" అన్నారు. నాకైతే కొర్లగుంట_నాన్న గారి మాస్టర్ లాంటివాడు దొరికితే కాళ్ళకి దండం పెడతా.

రిటైర్డ్_మాస్టారు
@తాతయ్యగుంట_ఘాటు ఉన్నాయి, కాదనను. గుర్తు పట్టడం తేలిక. పెట్రోల్ లీడర్లతో నెలకోసారైనా కూర్చుంటారా అని అడగండి, కోర్ట్ ఆఫ్ ఆనర్ అంటాం దాన్ని. అందులో పిల్లలే మాట్లాడాలి, క్యాంపులో ఏం వండాలి, ఎవడు డ్యూటీ ఎగ్గొట్టాడు, వాడిని ఏం చెయ్యాలి అన్నీ. మాస్టర్ పక్కన కూర్చుని నోరు కట్టేసుకోవాలి. అది జరగని చోట స్కార్ఫ్ మెడలో గుడ్డే.

ర్యాంకుల_రాజ్యం
చూశారా, సగం స్కూళ్ళలో ఇదే. అందుకే అంటున్నా. అన్నం వండటం నేర్చుకోడానికి స్కౌట్స్ ఎందుకు, ఇంట్లో అమ్మ లేదా?

గైడ్_కూతురి_అమ్మ
అమ్మ ఉంది. అమ్మకి ఓపిక లేదు. పైగా అమ్మ ఉన్నంతసేపూ వాళ్ళు నేర్చుకోరు.

కపిలతీర్థం_గాలి
వాన కథ ఒకటి. 2021 నవంబర్‌లో తిరుపతి మునిగింది గుర్తుంది కదా, మా వీధి పల్లంలో ఉంటుంది, నడుము లోతు నీళ్ళు. ఎదురింటి కుర్రాడు పదకొండో తరగతి, అప్పటికి స్కౌట్స్‌లో ఆరేళ్ళు. వాడు బట్టలారేసే నైలాన్ తాడు పట్టుకొచ్చి, కరెంటు స్తంభం జోలికి పోకుండా వేప చెట్టుకి ఒక కొస, మా గేటు గ్రిల్లుకి ఒక కొస బిగించాడు. అది పట్టుకునే ముసలివాళ్ళందరం మేడ ఉన్న ఇంట్లోకి చేరాం. వాళ్ళమ్మ బాల్కనీలోంచి "ఒరే లోపలికి రారా, నీకెందుకురా" అని అరుస్తూనే ఉంది, కాసేపటికి చూస్తే తనే దిగొచ్చి టార్చి పట్టుకుని నిలబడింది. ఒక్క మాట మాట్లాడలేదు. వాడు ఎటు చూపించమంటే అటు వేసింది లైటు.

నీవా_ఒడ్డు
స్తంభానికి కట్టకపోవడం చూశారా. అది తెలిసినవాడు కట్టిన తాడు.

కొర్లగుంట_నాన్న
రెండు రోజులుగా అన్నీ చదువుతున్నా, జవాబు ఇవ్వలేదు. కారణం ఉంది.

నిన్న రాత్రి మావాణ్ణి కూర్చోబెట్టి అడిగా, ఆ రోజు చెయ్యి ఎందుకు ఊపలేదురా అని. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ అన్నం మాడ్చింది నేనే నాన్నా" అన్నాడు. అసలు లీడర్‌కి జ్వరమొచ్చి రాలేదంట, ఆ సాయంత్రమే వీణ్ణి పెట్రోల్ లీడర్‌గా నిలబెట్టారంట. పచ్చి చింత కట్టెలు, మంట రాదు, ఒకేసారి ఎండాకు అంతా వేసేస్తే భగ్గుమందంట. వీడు ఊదుకుంటూ కళ్ళు నలుపుకుంటూ ఉన్నప్పుడు గేటు దగ్గర నేను డబ్బాతో. "మిగతావాళ్ళు మీ నాన్న వచ్చాడ్రా అని నవ్వుతున్నారు, నేను చూస్తే ఏడుపొస్తుందని చూళ్ళేదు" అన్నాడు. రాత్రి పదకొండు దాకా ఆ గిన్నె తోమాడంట, వేరేవాళ్ళకి ఇవ్వకుండా.

మాకు ఇవేవీ తెలీదు. వాడు లీడర్ అయిన సంగతే చెప్పలేదు, అన్నం మాడింది కాబట్టి చెప్పుకోవడానికి మొహం లేదంట.

అలిపిరి_3550
అన్నా ఇక నేను జోకులు వెయ్యను.

అలిపిరి_3550
ఒక్కటి. గిన్నె సంగతి ఏమైంది, నల్లగానే ఉందా?

కొర్లగుంట_నాన్న
దాని వెనకే ఉంది కథ అంతా. మా అమ్మ పాకాల నుంచి వచ్చి ఉంది ఇంట్లో. ఇదంతా విని ఆమె నవ్వింది. "గిన్నె అడుక్కి తడి మట్టి పూసి పొయ్యి మీద పెట్టుంటే మసి మట్టితోపాటే ఊడొచ్చేది కదా, ఆ మాత్రం ఎవరూ చెప్పలేదా" అంది. ఆదివారం మేడ మీద మూడు ఇటుకలు పెట్టి ఇద్దరూ మొదలుపెట్టారు. ఆమె కుర్చీలో, వాడు పొయ్యి దగ్గర. గ్లాసు లెక్కలేవీ లేవు, బియ్యం మీద చూపుడు వేలు నిలబెట్టి మొదటి కణుపు దాకా నీళ్ళు. సన్న పుల్లలు ముందు, అవి అంటుకున్నాక లావువి, ఊదేటప్పుడు మొహం పక్కకి. మా ఆవిడ రెండుసార్లు గ్యాస్ లైటర్ పట్టుకుని పైకి వెళ్ళబోతే నేను మెట్ల మీద అడ్డంగా కూర్చున్నా. అన్నం కాస్త ముద్దయింది. తిన్నాం.

కింద ఫ్లాట్ వాళ్ళు పొగ వచ్చిందని గొడవ చేశారు, అది వేరే విషయం.

రిటైర్డ్_మాస్టారు
ఆ మట్టి కిటుకు మేం ట్రైనింగ్‌లో నేర్పేదే. మీ అమ్మగారిని ఒకసారి ట్రూప్ మీటింగ్‌కి తీసుకెళ్ళండి, అరగంట చాలు. ఇలాంటి పెద్దవాళ్ళు ప్రతి ఇంట్లో ఉంటారు, పిలిచేవాళ్ళే లేరు. మా ట్రూప్‌లో ఒకాయన బెస్త పని చేసేవాడు, కొడుకు కోసం వచ్చి వల ముడి నేర్పించి వెళ్ళాడు. నాకు ఇప్పటికీ సరిగ్గా రాదు.

ర్యాంకుల_రాజ్యం
నేను ఇంకా ఒప్పుకోలేదు. అయితే మా అమ్మాయి ఈ థ్రెడ్ చదివి అడిగింది, ఆదివారం మేడ మీద వండుకోవచ్చా అని. ఫౌండేషన్ టెస్ట్ అయ్యాక చూద్దామన్నా.

గైడ్_కూతురి_అమ్మ
టెస్ట్ ఎప్పుడో రాయండి, మేమంతా గుర్తుపెట్టుకుంటాం.

తాతయ్యగుంట_ఘాటు
కొర్లగుంట_నాన్న గారూ, మీ ట్రూప్‌లో బయటి స్కూల్ పిల్లల్ని చేర్చుకుంటారేమో కనుక్కుని చెప్పండి. సీరియస్‌గా అడుగుతున్నా.

కొర్లగుంట_నాన్న
మాస్టర్‌కి ఫోన్ చేశా. ముందు ఆ రోజు గేటు దగ్గర నేను అన్న మాటలకి సారీ చెప్పా, ఆయన కూడా ముందే చెప్పి ఉండాల్సింది అన్నాడు (రిటైర్డ్_మాస్టారు గారూ, మీ మాట అక్షరాలా). బయటి పిల్లల సంగతి స్కూల్ వాళ్ళని అడిగి చెప్తానన్నాడు. వచ్చే నెల ఇంకో క్యాంప్, వెదురు బొంగులు, నీళ్ళ డ్రమ్ములు తోలించడానికి బండి కావాలంట, పెద్దవాళ్ళు ఒక ఐదుగురు. నేను వస్తానన్నా. సామాను దించి, పొద్దుగూకేలోపు గేటు బయటికి వచ్చెయ్యాలనేది షరతు.

మావాడికి చెప్తే ఆలోచించి, "సరే రా, కానీ మా పెట్రోల్ వైపు రావొద్దు, నెమళ్ళ పెట్రోల్‌కి మనుషులు తక్కువున్నారు, వాళ్ళ లీడర్‌ని అడుగు, డ్రమ్ము ఎక్కడ దించాలో వాడు చెప్తాడు" అన్నాడు.

అలిపిరి_3550
డ్రమ్ములు మోయడానికి నేనూ వస్తా. పొద్దుగూకాక గేటు బయట చిత్రాన్నం ఉంటుందా?

కొర్లగుంట_నాన్న
ఉంటుంది. ఊరిమిండి కూడా.